పెళ్ళిళ్ళకు 24-70 జూమ్ లెన్స్ తప్పనిసరా? 35, 85 లెన్సులు చాలవా?

గుంటూరు_ఫ్రేమ్:
ఇన్నాళ్ళూ సెకండ్ కెమెరాగా తిరిగాను. శ్రావణంలో మొదటిసారి సొంతంగా ఒక పెళ్ళి ఒప్పుకున్నా. నా దగ్గర సోనీ ఏ7 త్రీ బాడీ ఒకటి, 35 ఎఫ్ 1.8, 85 ఎఫ్ 1.8 లెన్సులు ఉన్నాయి (35, 85 అంటే మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది చిన్నదైతే షాట్ వెడల్పు; ఎఫ్ అంకె చిన్నదైతే లోపలికొచ్చే వెలుతురు ఎక్కువ). అడిగిన ప్రతి సీనియరూ "24-70 ఎఫ్ 2.8 లేకుండా మండపం ఎక్కకు" అంటున్నాడు. అంత డబ్బు పోయాలా?

రెండుకెమెరాలు:
అక్కర్లేదు తమ్ముడూ. 1.8 దగ్గర ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం, పెంచితే ఫొటోలో గింజలు వస్తాయి) 3200తో వచ్చే ఫొటోకి 2.8 దగ్గర 8000 కావాలి. రాత్రి ముహూర్తం పెళ్ళిలో ఆ తేడా జుట్టులో, నల్ల కోటుల్లో తెలిసిపోతుంది. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఇంకో బాడీ తీసుకో. ఒక భుజాన 35, ఇంకో భుజాన 85. చాలకపోతే రెండడుగులు ముందుకో వెనక్కో వెయ్యి. జూమ్ చేతికొచ్చాక నిలబడ్డచోటే పాతుకుపోయినవాళ్ళని చాలామందిని చూశా.

మండపం_మూల:
రెండడుగులా! ఎక్కడ వేస్తావన్నా? జీలకర్ర బెల్లం వేళకి అడ్డుతెర పట్టుకున్నవాళ్ళు ఇద్దరు, పంతులుగారు, పెళ్ళికూతురి మేనమామ, ఆపైన వీడియోవాళ్ళు. మనకి దొరికేది రెండు పాదాలు పట్టే చోటు. తెర దించగానే ఇద్దరి చేతులూ ఒకరి తలమీద ఒకరివి కనపడేలా వెడల్పు షాట్ కావాలి, ఆ వెంటనే ఆ అమ్మాయి కళ్ళు కావాలి. 28 నుంచి 70కి మణికట్టు తిప్పినంతలో అయిపోతుంది. లెన్స్ మార్చేసరికి తంతు దాటిపోతుంది. పైగా తలంబ్రాల టైములో గాల్లో బియ్యం, పసుపు ఎగురుతుంటే మౌంట్ తెరిచి సెన్సార్ చూపిస్తావా?

ఇంకో మాట. దగ్గరికి నడవడమూ జూమ్ చేయడమూ ఒకటి కాదు. నడిస్తే దూరం మారుతుంది, దూరం మారితే ముఖం ఆకారమూ వెనకున్న మండపం సైజూ మారతాయి. 35 పెట్టుకుని ముఖం నిండేదాకా వెళ్తే ముక్కు ముందుకొస్తుంది.

వెలుతురు సంగతంటావా, వీడియోవాళ్ళ ఎల్‌ఈడీ ప్యానెళ్ళు ఎలాగూ వెలుగుతూనే ఉంటాయి. పోనీ 85ని 1.8కి తెరిచావే అనుకో. రెండు మీటర్ల దూరంలో ఫోకస్ నిలిచే మందం ఆరు సెంటీమీటర్లే. వధువు కనురెప్ప స్పష్టంగా ఉంటుంది, వరుడు మసక. ఆల్బం చూసి అబ్బాయి తరఫువాళ్ళు ఏమంటారో నీకు తెలుసు.

డార్క్‌రూమ్_అక్క:
ఇద్దరూ మీ చేతి అలవాటు చెప్తున్నారు. అతని అలవాటేమిటో అతని ఫైళ్ళలోనే ఉంది. గుంటూరు తమ్ముడూ, సెకండ్‌గా తీసిన పెళ్ళిళ్ళని లైట్‌రూమ్‌లో మెటాడేటా (ఫొటో ఫైల్లో ఉండే కెమెరా, లెన్స్ వివరాలు) ఫిల్టర్ పెట్టి ఫోకల్ లెంగ్త్ వారీగా చూడు. మెయిన్ ఫొటోగ్రాఫర్ నీకు జూమ్ ఇచ్చిన రోజులుంటే అవి ముఖ్యం. ఎక్కువ ఫొటోలు 24, 70 కొసల్లోనే ఉంటే మధ్యదంతా నువ్వు వాడట్లేదన్నమాట.

నన్నడిగితే నీకు లోటు 50 లెన్స్ కాదు. ఏ7 త్రీది 24 మెగాపిక్సెల్. 35తో తీసి 50 అంత క్రాప్ చేసినా దాదాపు 12 మిగులుతుంది. 12x36 అంగుళాల ఆల్బం షీటు మొత్తానికి పరిచే ఫొటోకి తక్కువే గానీ, షీటులో పక్క ఫొటోలకి ధారాళం. నిజంగా లోటు 35 కంటే వెడల్పు. స్టేజీ మీద రెండు వరసల బంధువుల్ని 35తో పట్టాలంటే వెనక్కెళ్ళి భోజనాల బంతిలో నిలబడాలి. ఆ గ్రూపుకి ఎలాగూ ఎఫ్ 5.6 పెడతావు, అక్కడ 1.8 ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కాబట్టి బాడీ ఒక్కటే ఉన్నంతకాలం జూమ్ ఉండాలనే నా పక్షం. రెండున్నవాడికి 24, 85 ప్రైమ్‌లతో (జూమ్ లేని లెన్సులతో) దివ్యంగా గడిచిపోతుంది. కానీ కొనకముందు ఈ పెళ్ళికి అద్దెకు తెచ్చుకో.

గుంటూరు_ఫ్రేమ్:
ఫిల్టర్ పెట్టి చూశానక్కా. జూమ్‌తో తీసినవాటిలో సగానికి పైగా 24, 35 మధ్యలోనే ఉన్నాయి. అద్దెకే తెస్తా. సోనీ 24-70 జీఎమ్మా, ట్యామ్రాన్ 28-75 జీ2నా?

మండపం_మూల:
పొద్దున్నుంచి అప్పగింతలదాకా మెడలో మోయాలి కదా. జీఎం మొదటి వెర్షన్ 886 గ్రాములు, రెండోది 695, ట్యామ్రాన్ 540. ట్యామ్రాన్ 28 దగ్గర 18 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది, మంగళసూత్రాల పళ్ళెం క్లోజప్‌కి బాగుంటుంది.

డార్క్‌రూమ్_అక్క:
అతని ఫొటోలు సగం 24-35 మధ్య అంటుంటే 28 దగ్గర ఆగిపోయే లెన్స్ చెప్తావేంటి? 24కి చూపు కోణం 84 డిగ్రీలు, 28కి 75. ఇంటిముందు పందిట్లో పెళ్ళయితే ఆ తొమ్మిది డిగ్రీలకోసం గోడకి అతుక్కోవాల్సొస్తుంది. బరువైనా 24 ఉన్నదే తీసుకో.

రెండుకెమెరాలు:
అద్దెకైతే నాకేం అభ్యంతరం లేదు. అదే షాపులో రెండో బాడీ కూడా అడుగు. సూత్రధారణ వేళకి ఉన్న ఒక్క షట్టరూ మొరాయిస్తే 24-70 పట్టుకుని ఏం చేస్తావు?