పిలకాయలతో మదనపల్లె పోవాల, భాకరాపేట ఘాట్‌లో వాంతులు... ఏదన్నా దారి చెప్పండప్పా

బైరాగిపట్టెడ నాన్న
మధ్యాహ్నం నుంచి మ్యాపులు, వీడియోలు చూసి చూసి తల వాచిపోయింది గానీ పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలా. శనివారం పిలకాయల్ని తీసుకుని తిరుపతి నుంచి మదనపల్లె పోవాల, ఫ్రెండు వాళ్లింటికి. కాలేజీ రోజుల నుంచి వాడూ నేనూ ఒకే కంచం. ఆడవాళ్లు కూడా బాగా కలిసిపోయినారు. పోకపోతే మాట వస్తాది. భాకరాపేట ఘాట్ ఎక్కేసరికి వాంతులు మొదలు. పోయినసారి మలుపు పక్కన నిలబడి బిందె నీళ్లతో సీటు కడుగుతా ఉంటే వెనక లారీవాడు ఒకటే హారన్. ఈసారి ఎట్ల పోవాల? "పిల్లలు పెద్దయినాక పోండి" అనేవాళ్లు దయచేసి పక్కకుండండి.

పీలేరు రోడ్డు
రైలు.

బైరాగిపట్టెడ నాన్న
ఏ రైలన్నా? రవ్వంత వివరంగా చెప్పు.

పీలేరు రోడ్డు
పాకాల మీద పోయేది.

రూల్ ప్రకారం
అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. కారులో చైల్డ్ సీటు ఉందా? 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194బి అనే సెక్షన్ ఒకటుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, వాళ్లకు తగ్గ సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా. జరిమానా సంగతి అటుంచండి. మనవాళ్లు ముందు సీట్లో తల్లి ఒళ్లో చంటిబిడ్డను పెట్టుకుని కూర్చుంటారు. సడన్ బ్రేకు పడితే ఆ బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు. పది లక్షలు పెట్టి కారు కొంటారు, సీటు దగ్గరికొచ్చేసరికి చేతులు రావు.

పీలేరు రోడ్డు
ఆయన అడిగింది వాంతుల గురించి సామీ.

రూల్ ప్రకారం
వాంతులతో ప్రాణం పోదు. ఆ ఘాట్‌లోనే 2022లో బస్సు లోయలో పడింది, మరిచిపోయినారా?

మందులషాపు అక్క
బాబూ, పిల్లల వయసెంతో రాయకుండా సలహా అడిగితే ఎవరేం చెబుతారు? ఏం మందు వేస్తున్నారు? వాంతులు ఒకరికా, ఇద్దరికా?

బైరాగిపట్టెడ నాన్న
అయ్యో, పిలకాయలంటే చిన్నోళ్లే కదక్కా. పెద్దోడికి నాలుగున్నర, పాపకు ఎనిమిది నెలలు. ఇద్దరూ కక్కుతారు. వాంతుల సిరప్ వేసే బయల్దేరినాం, రవ్వ కూడా పనిచేయలా. పేరు ఆన్‌డాన్‌సెట్రాన్ అని ఉండాది.

మందులషాపు అక్క
అదీ సంగతి. అది కడుపులో ఇన్‌ఫెక్షన్ వచ్చి వాంతులయినప్పుడు డాక్టర్లు రాసే మందు. బండిలో తల తిరిగి వచ్చే వాంతులకు అది పెద్దగా పనిచేయదు.

తిరుచానూరు కుర్రాడు
వాంతి మందు వాంతికి పనిచేయకపోవడమేంది అక్కా? మా ఇంట్లో అందరికీ అదే.

మందులషాపు అక్క
వాంతి ఒకటే గానీ పుట్టే చోటు వేరు తమ్ముడూ. లోపలి చెవి "కదులుతా ఉండాం" అంటుంది, ఫోన్లో మునిగిన కళ్లు "కదలడం లేదు" అంటాయి. ఆ రెండిటికీ పొత్తు కుదరక తల తిరిగి కక్కుతారు. దానికి వేరే రకం మందులున్నాయి, ప్రోమెథజీన్ లాంటివి. రెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం అది ఇవ్వనే కూడదు, ఊపిరికి ప్రమాదం. పెద్దోడికి కూడా బరువు చూసి పిల్లల డాక్టరు రాయాల్సిందే. షాపులో అడిగి తెచ్చుకునేది కాదు, నేనే షాపులో ఉండి చెబుతున్నా. ఇక పాప సంగతి. రెండేళ్ల లోపు వాళ్లకు ఈ ప్రయాణపు వాంతులు అరుదు. బయల్దేరే ముందు కడుపునిండా పాలు పట్టి, తేన్పు రాకముందే సీట్లో పడుకోబెట్టి ఉంటారు. అవునా?

బైరాగిపట్టెడ నాన్న
పాలు పట్టకపోతే చంద్రగిరి దాకా కూడా ఊరుకోదక్కా. ఫోన్ ఇవ్వకపోతే పెద్దోడు ఊరుకోడు.

అద్దె కారు సీనా
అన్నా, నేను వారం వారం ఆ దారిలోనే. ఫోన్ చంద్రగిరిలోనే లాక్కో, ఏడిస్తే ఏడవనీ. ఉత్త కడుపుతో ఎక్కించొద్దు, పూరీలూ పెట్టొద్దు. రెండు ఇడ్లీలు చాలు, కారం లేకుండా. వెనక సీట్లో మధ్యన, ముందు అద్దంలోంచి రోడ్డు కనపడేటట్టు కూర్చోబెట్టు. కింద రంగంపేటలో ఒకసారి దించి నడిపించు. ఘాట్‌లో ఏసీ ఆపి అద్దాలు దించు. కారులో ఆ మల్లెపూల సెంటు డబ్బా తగిలించుంటే ముందు దాన్ని పారెయ్, సగం వాంతులు దానివల్లే. అన్నిటికన్నా ముఖ్యం నువ్వు. మలుపు దాకా తొక్కి అక్కడ బ్రేకు గుద్దే రకమైతే మందులేవీ పనిచేయవు.

పీలేరు రోడ్డు
లేదంటే దామలచెరువు, కల్లూరు మీదుగా పీలేరు చేరొచ్చు.

అద్దె కారు సీనా
చుట్టు తిరుగుడు. అటూ మలుపులు లేవా ఏంది?

పీలేరు రోడ్డు
అందుకే రైలు అన్నా. దామలచెరువు, పీలేరు, వాయల్పాడు మీదుగా పోతుంది. అయిదేళ్లు నిండలేదు కాబట్టి ఇద్దరికీ టికెట్ లేదు. స్టేషన్ పేరు మదనపల్లె రోడ్డు, అది సీటీఎం అనే పక్క ఊర్లో ఉండాది, మదనపల్లెలో కాదు. ఫ్రెండును కారు తెమ్మను.

రిటైర్డ్ మాస్టారు
మదనపల్లె అనగానే ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన జాతీయగీతం పుట్టిన ఊరది. పిల్లలకు బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ చూపించండి. ఇప్పటి తల్లిదండ్రులు పిల్లల్ని మాల్‌లకు తిప్పుతారే తప్ప...

తిరుచానూరు కుర్రాడు
మాస్టారూ, జనగణమన 1911 డిసెంబరులోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడినారు. మదనపల్లెలో పుట్టడమేంది?

రిటైర్డ్ మాస్టారు
1919లో ఠాగూర్ అక్కడికొచ్చినప్పుడే ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు నాయనా. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరాలు రాసిపెట్టింది కూడా అక్కడే. అది పుట్టుక కాదా?

తిరుచానూరు కుర్రాడు
తర్జుమా తర్జుమానే సార్.

రూల్ ప్రకారం
రైలు కంటే కారే మేలు, చైల్డ్ సీటుంటే. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

మందులషాపు అక్క
ఒక జత బట్టలు, తువ్వాలు, జిప్పున్న కవర్లు చేతికందేచోట పెట్టుకోండి, డిక్కీలో కాదు. మదనపల్లెలో సాయంత్రానికి చలి గాలి, పాపకు స్వెట్టరు మరవొద్దు. వాళ్లింట్లో దిగంగానే "తిను తిను" అని పిల్లోడి నోట్లో మైసూర్‌పాక్ కుక్కుతారు, గంటసేపు ఆపండి.

బైరాగిపట్టెడ నాన్న
సరేనక్కా. ఆదివారం పొద్దున్నే హార్స్‌లీ హిల్స్ పోదామని వాడు ఇప్పటికే చెప్పి పెట్టినాడు, అందుకే కారు కావాల.

అద్దె కారు సీనా
హార్స్‌లీ హిల్సా! ఆ ముక్క మొదట్లోనే చెప్పాల కదన్నా. అది ఇంకో ఘాట్.

పీలేరు రోడ్డు
హహ.

బైరాగిపట్టెడ నాన్న
సరే, డాక్టరును అడిగి చూస్తా. థాంక్స్ అందరికీ.

రూల్ ప్రకారం
చైల్డ్ సీటు?

పలమనేరు అమ్మ
మాదీ ఇదే బాధ. చిత్తూరు నుంచి పలమనేరు, మొగిలి ఘాట్‌లో. మా పాపకు మూడేళ్లు, కారు లేదు, బస్సే. ఏ సీటు బాగుంటుంది?