జీతాల నోటీసు గోడ మీదే ఉండాలా, వాట్సాప్ గ్రూపులో పెడితే చాలదా?

హెచ్ఆర్_జీడిమెట్ల:
మాది ఎనభై మంది పనిచేసే ప్యాకింగ్ యూనిట్. సగం మంది కాంట్రాక్టర్ మనుషులే. వేతనాల కోడ్, 2019లోని 50వ సెక్షన్ ప్రకారం కోడ్ సారాంశం, కేటగిరీల వారీగా వేతన రేట్లు, జీతం ఏ తేదీన ఏ టైముకి ఇస్తారు, ఇన్‌స్పెక్టర్ పేరు, అడ్రసు అందరికీ కనిపించే చోట నోటీసు బోర్డు మీద పెట్టాలి. మా ఎండీ గారేమో "అందరి దగ్గరా ఫోన్లున్నాయి, గ్రూపులో పెట్టేయండి" అంటున్నారు. నాకు బోర్డే ఉండాలనిపిస్తోంది. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
ఎండీ గారి మాటలో న్యాయముందండీ. నేను చాలా చిన్న కంపెనీల పీఎఫ్, జీతాల లెక్కలు చూస్తాను. ఎక్కడ చూసినా సెక్యూరిటీ రూము వెనక ఒక అద్దాల పెట్టె, దానికి తాళం, లోపల వెలిసిపోయిన కాగితం. కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంటే బోర్డు మీద మాత్రం మూడేళ్ల కిందటి రేటే ఉంటుంది. దానికంటే తాజా మెసేజ్ నయం కదా?

సీలింగ్_సెక్షన్:
మాస్టారూ, నాది మందుల ఫ్యాక్టరీ. మా ఫోన్లు గేటు దగ్గరే లాకర్‌లో పెట్టించేస్తారు. గ్రూపుకు అడ్మిన్ మా సూపర్‌వైజరే. "నాకు రేటు తక్కువెందుకు వస్తోంది" అని అందులో ఎవరు రాస్తారు చెప్పండి?

ఇంతకుముందు చేసిన చోట క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే కుళాయిల పక్కనే బోర్డు ఉండేది. లైన్లో నిలబడి ఊరికే చదువుతుంటే, నా కేటగిరీకి రాసిన రోజుకూలీ నాకు వచ్చేదానికంటే 46 రూపాయలు ఎక్కువ. చేతి మీద పెన్నుతో రాసుకుని ఇంటికెళ్లి పేస్లిప్‌తో సరిచూశాను. నలుగురం ఆడవాళ్లం కలిసి వెళ్లి అడిగాం. మూడు నెలల తేడా డబ్బులు వచ్చాయి. అడిగేదాకా నేను ఆ కాగితం చదివానని ఎవరికీ తెలియదు. మాలాంటి వాళ్లకు అదే ధైర్యం.

లెక్కల_మాస్టారు:
ఫోన్లు తీసేసుకుంటారన్న సంగతి నాకు తట్టలేదమ్మా. ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ రేటు మారినప్పుడల్లా కాగితం మార్చేవాళ్లు లేకపోతే ఆ బోర్డే జనాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. అందుకే మెసేజ్ కూడా పంపాలంటాను.

ఇటుకబట్టీ_తమ్ముడు:
భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. 2025లో రద్దయిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే ఉండేది: నోటీసు ఇంగ్లిషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ, మెయిన్ గేటు దగ్గర, శుభ్రంగా చదవగలిగేలా ఉండాలని. మా వైపు బట్టీల్లో ఒడిశా వాళ్లే ఎక్కువ. తెలుగులో అంటిస్తే వాళ్లకు అది గోడే.

సీలింగ్_సెక్షన్:
ఇంకోటి కూడా. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీని ఏర్పాటు చేస్తూ ఇచ్చిన ఆర్డరు, వేధిస్తే పడే శిక్షలు కూడా కనిపించేలా పెట్టాలి. దాన్ని ఆడవాళ్ల బాత్రూముల దారిలో పెట్టండి మేడమ్. మేనేజర్ క్యాబిన్ పక్కన పెడితే అక్కడ నిలబడి చదవడానికే భయం.

హెచ్ఆర్_జీడిమెట్ల:
రాసుకున్నాను. క్యాంటీన్ దగ్గర, తాళం లేని బోర్డు. రేటు మారిన రోజే కొత్త కాగితం, గ్రూపులో దాని ఫొటో. ఎండీ గారితో రేపు మాట్లాడతాను. మా దగ్గర ఒడిశా వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు, ఒడియా చదవడం రాయడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నోటీసు రాయించుకోవాలి.