మేనత్తకు రొమ్ము క్యాన్సర్, సంబంధం ఆమె కొడుకుతోనే. జీన్ టెస్ట్ ముందా, ముహూర్తం ముందా?

ప్రొద్దుటూరు పిల్ల:
మా మేనత్తకు 43 ఏళ్లు. రొమ్ములో గడ్డకు బయాప్సీ చేస్తే గ్రేడ్ 3 (వేగంగా పెరిగే రకం), ట్రిపుల్ నెగటివ్ అని వచ్చింది. వాళ్ల కొడుక్కు నన్ను ఇవ్వాలని చిన్నప్పుడే అనుకున్నారు. కీమో మొదలైనప్పటి నుంచి అత్త పెళ్లికి తొందరపెడుతోంది. డాక్టరేమో ఆమెను జీన్ టెస్ట్ చేయించుకోమన్నాడు. ఇంట్లో పెళ్లయ్యాక చూద్దామంటున్నారు, నేను ముందే చేయించాలంటున్నా. నాది తప్పా?

పులివెందుల బాబాయి:
తొందరపడుతున్నావమ్మా. మంచం మీదున్న మనిషితో నీ రక్తంలో దోషముందేమో చూద్దామంటే ఎట్లుంటుంది? మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, ఎవరికీ ఈ జబ్బు లేదు. మా వదినది బయటి సంబంధం, వాళ్ల వంశంలో ఎవరికీ లేకున్నా ఆమెకు వచ్చింది. ఇంక జీన్ చూసి ఏం లాభం?

కడప ల్యాబ్ అక్క:
మీ వదిన సంగతి నిజమే బాబాయ్. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వందమందిలో 5 నుంచి 10 మందికే అది వంశపారంపర్యం. మిగతావాళ్లలో వయసు, చిన్నప్పుడే పెద్దమనిషి కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, ఆ తర్వాత ఒళ్లు పెరగడం, మద్యం ఇవన్నీ కలుస్తాయి. కానీ ఈ ఇంట్లో 43 ఏళ్లకే వచ్చింది, పైగా ట్రిపుల్ నెగటివ్. అంటే గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు లేవు, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేదు. బీఆర్‌సీఏ1 జన్యువు చెడినవాళ్లకు వచ్చే రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ ఈ రకమే. పాపా, మీ జేజి, అంటే మీ నాయనమ్మ, ఎట్లా పోయింది?

ప్రొద్దుటూరు పిల్ల:
నేను పుట్టకముందే. కడుపులో నీళ్లు పట్టేదంట, పది రోజులకోసారి సూదితో తీయించేవాళ్లంట. గర్భసంచి పక్కన గడ్డ అన్నారని నాయన చెప్పాడు.

కడప ల్యాబ్ అక్క:
అది అండాశయం క్యాన్సర్ అయ్యుండొచ్చు. పాత కాగితాలుంటే డాక్టరుకు చూపించండి. బీఆర్‌సీఏ1 గానీ, అలాంటిదే ఇంకో జన్యువు బీఆర్‌సీఏ2 గానీ చెడితే రొమ్ముకూ అండాశయానికీ రెంటికీ ముప్పే. జేజికి ఉండి ఉంటే మీ నాయనకు వచ్చే అవకాశం సగం. ఆయన ఆరోగ్యంగా ఉన్నా నీకు ఇవ్వగలడు. నాయన వైపు జబ్బు ఆడపిల్లకు రాదనే మాట విని విని నాకు కడుపు మండుతుంది.

మేనరికం వల్ల జన్యువులో ఈ తప్పు పుట్టదు. ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి, రెండు కాపీలుగా వస్తుంది; వాటిలో ఒక్క కాపీ చెడినా ముప్పే. కానీ బావకూ నీకూ ఒకే తప్పు ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు కాపీలూ చెడ్డవే రావచ్చు. బీఆర్‌సీఏ2 అయితే అది ఫ్యాన్‌కోనీ అనీమియా అనే జబ్బు. రక్తం తయారయ్యే ఎముక మజ్జ దెబ్బతింటుంది, పసితనంలోనే క్యాన్సర్లు వస్తాయి.

టెస్ట్ మొదట అత్తకే చేయాలి. ఆమెలో తప్పు దొరికితే మీ అందరిలో ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు. ముందే నీకు చేసి ఏమీ లేదన్నా ధైర్యంగా ఉండటానికి లేదు. అత్తకూ లాభమే, తప్పు తేలితే ఒలాపరిబ్ లాంటి మందు వాడొచ్చేమో డాక్టరు చూస్తాడు.

అనంతపురం అమ్మ:
నాకూ ఈ జబ్బే. రెండేళ్లు నా కూతురికి చెప్పలేదు, బీరువాలో ఫైలు దొరికాక ఏడ్చింది. పాజిటివ్ అని వస్తే ఈ పిల్ల ఆ టెన్షన్ ఎట్లా మోస్తుంది? ఒక్కోసారి అవునో కాదో తేలని రిపోర్టు కూడా వస్తుందంట కదా?

కడప ల్యాబ్ అక్క:
వస్తుందమ్మా. అందుకే టెస్టుకు ముందే జెనెటిక్ కౌన్సెలింగ్ ఉండాలి. పాజిటివ్ అంటే ఇప్పుడే జబ్బు ఉందని కాదు. 25 దాటినప్పటి నుంచి ఏటా రొమ్ముకు ఎంఆర్ఐ స్కాన్ చేయిస్తారు. బీఆర్‌సీఏ1 అయితే పిల్లలు పుట్టాక, 35, 40 ఏళ్ల మధ్య అండాశయాలు తీయించుకోమంటారు. తెలియకుంటే ఇవేవీ చేయలేం.

పులివెందుల బాబాయి:
టెస్టుకు నేనిప్పుడు అడ్డం చెప్పను. కానీ ముహూర్తం ఆపడం మాత్రం నాకు ఒప్పడం లేదు. ఆమె ప్రాణమంతా ఆ పెళ్లి మీదే ఉంది.

ప్రొద్దుటూరు పిల్ల:
నిన్న రాత్రి అత్తకు చెప్పాను. తలకు టవల్ చుట్టుకుని గంజి తాగుతోంది. గిన్నె కింద పెట్టి, "నాకు పనికొచ్చే మందుంటుందా? అయితే రేపే రక్తం తీసుకోమను" అంది. బావ ఇంకా ఏమీ అనలేదు.