అప్‌డేట్: బెళ్ళందూరు నురగ టైమ్‌ల్యాప్స్‌లో మిణుకు పోయింది

బెంగళూరు బెళ్ళందూరు చెరువు మీద మాటల్లేని డాక్యుమెంటరీకి తీసిన టైమ్‌ల్యాప్స్ (కొన్ని సెకన్లకో ఫొటో తీసి వేగంగా ఆడించే వీడియో) మిణుకుతోందనీ, అంటే ఫ్రేము ఫ్రేముకీ వెలుతురు మారుతోందనీ, వ్యాఖ్యానం లేకుండా నురగ ఎందుకొస్తోందో ఎలా చూపాలనీ అడిగాను కదా. రెండూ తేలాయి. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.

ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మాన్యువల్‌లో పెట్టినా మిణుకు కొంత మిగిలింది. ప్రతి ఫ్రేముకీ అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) కుంచించుకున్నప్పుడల్లా వెంట్రుకవాసి తేడా రావడమే కారణం. అపర్చర్‌ని చేత్తో తిప్పి పెట్టే రింగున్న పాత మాన్యువల్ లెన్స్ వేస్తే, ఆ రంధ్రం కదలదు కాబట్టి మిణుకు పూర్తిగా పోయింది. ఎండలో ఐఎస్‌ఓ 100, అపర్చర్ ఎఫ్ 5.6, 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురుని సుమారు వెయ్యో వంతుకి తగ్గించే నల్లద్దం), షట్టర్ 1 సెకను, 2 సెకన్లకో ఫ్రేము. సెకనుకి 24 చొప్పున 12 సెకన్ల షాటుకి 288 ఫ్రేములు, అంటే దాదాపు 10 నిమిషాలు. షట్టర్ వేగంగా పెడితే నురగ ముద్దలు పారవు, గెంతుతాయి.

ఇక కారణం చూపడం. మురుగుతో వచ్చే డిటర్జెంట్ చెరువులో నిలకడగా ఉన్నంతసేపు కనబడదు. అలుగు దగ్గర నీళ్లు దూకి గాలి కలిసినప్పుడే పొంగుతుంది. కాబట్టి షాట్ల వరుస కూడా అదే: కాలువ మూతి, కదలని నీళ్లు, అలుగు, రోడ్డు మీద స్కూటర్ అద్దానికి అంటుకుని వణికే నురగ ముద్ద. ఈ చివరి షాట్ ఒక్కటే ఒక పేజీ వ్యాఖ్యానంతో సమానం. దానికి బొచ్చు తొడుగు వేసిన మైకు జానెడు దూరంలో పెట్టండి, బుడగలు పగిలే చిటపట స్పష్టంగా వినిపిస్తుంది.

రాత్రి వీధిదీపాల కింద మామూలు వీడియో తీసేటప్పుడు షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, లేకపోతే చారలొస్తాయి. హెచ్‌ఏఎల్ విమానాశ్రయం దగ్గరే కాబట్టి డ్రోన్ మానేశాం.