నెలకు పది వేలు మిగిలే ఇంట్లో 800 ఎంఎం లెన్స్ కొనొచ్చా?

అమీన్‌పూర్_కట్ట

అందరికీ నమస్తే. పక్షుల ఫోటోలు తీస్తుంటాను. కెనాన్ ఆర్10 బాడీ, ఆర్ఎఫ్ 100-400 లెన్స్ ఉన్నాయి. ఇప్పుడు ఇంకా దూరం లాగే ఆర్ఎఫ్ 200-800 (800 ఎంఎం దాకా జూమ్) మీద మనసు పడింది. షాపులో 1,80,000 చెప్పారు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఉందట, నెలకు 15,000.

ఇంటి లెక్క దాచకుండా పెడుతున్నాను. చేతికొచ్చే జీతం 92,000. హోమ్ లోన్ 31,000. ఊళ్ళో అమ్మానాన్నలకు 8,000. సరుకులు, పాలు, కరెంటు, మందులు, ఆఫీసు పెట్రోలు అన్నీ కలిపి 28,000. ఇద్దరు పిల్లల ఫీజులు, బస్సు, పుస్తకాలు ఏడాదికి 1,80,000, అంటే సగటున నెలకు 15,000. మిగిలేది 10,000. ఎఫ్‌డీలో 1,60,000 ఉంది, అంతకు మించి దాచింది లేదు.

ఆదివారాలు హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువు, ఏడాదికి రెండు దూరపు ట్రిప్పులు (కొల్లేరు ఆటపాక, నేలపట్టు). మా ఆవిడ వద్దనడం లేదు, "జూన్‌లో ఫీజులకు ఎవర్నీ అడిగే పరిస్థితి రాకుండా చూసుకో" అంది. ఈఎంఐకి వెళ్ళొచ్చా? వెళ్ళకపోతే వేరే దారేంటి?

పద్దు_పుస్తకం

మిగిలేది 10,000, ఈఎంఐ 15,000. తక్కువ పడే 5,000 ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు రాసుకోండి. ఎఫ్‌డీ నుంచే కదా. ఏడాదికి 60,000 పోతే ఎఫ్‌డీలో లక్ష మిగులుతుంది. మీ ఇల్లు నడవడానికి నెలకు తప్పనిసరి ఖర్చు 82,000 (31 + 8 + 28 + 15 వేలు). ఇప్పుడున్న 1,60,000 రెండు నెలలకే చాలదు, లక్ష అయితే ఐదారు వారాలు. ఉద్యోగం మారేటప్పుడు మధ్యలో గ్యాప్ వచ్చినా, ఊళ్ళో పెద్దవాళ్ళకు ఆసుపత్రి ఖర్చు వచ్చినా ముందు చేయి పెట్టేది ఆ డబ్బు మీదే. కాబట్టి ఈ ఈఎంఐ వద్దు.

ఇక "నో-కాస్ట్" సంగతి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు ధరలో ముందే తగ్గించి చూపిస్తారు. 15 శాతం వడ్డీ అనుకుంటే 15,000 చొప్పున 12 వాయిదాల్లో అసలు దాదాపు 1,66,190, వడ్డీ 13,810. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 2,490, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ అదనం. కార్డు లిమిట్‌లో అంత మొత్తం బ్లాక్ అవుతుంది, వాయిదా కట్టేకొద్దీ కొంచెం కొంచెం విడుదలవుతుంది. జూన్‌లో ఫీజు ఆ కార్డు మీదే కడదామనుకుంటే అక్కడ ఇరుక్కుంటారు. మధ్యలో క్లోజ్ చేస్తే ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంతో ముందే అడగండి. ఒకేసారి కడితే షాపు ఎంత తగ్గిస్తుందో కూడా అడగండి, చాలాసార్లు నో-కాస్ట్ తీసుకునేవాళ్ళకు ఆ తగ్గింపు ఇవ్వరు.

ఆ 10,000ను ఇలా విడగొట్టండి: 6,000 ఎమర్జెన్సీ ఖాతాకు, 4,000 ఫోటోగ్రఫీకి. ఫోటోగ్రఫీకి వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడ్డ మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్ళేలా పెట్టండి. కెమెరాకు సంబంధించిన ప్రతి రూపాయి అందులోంచే పోవాలి: చెరువు దాకా పెట్రోలు, ట్రిప్పు బస, మెమరీ కార్డు, బ్యాటరీ. ఇంటి డబ్బులో కలిస్తే ఆదివారం పెట్రోలు, టిఫిన్ ఎవరి లెక్కలోకీ రావు.

ఏడాదికి 48,000 వస్తుంది. స్థానిక పెట్రోలు నెలకు 800 అనుకుంటే 9,600, రెండు ట్రిప్పులు 6,000 చొప్పున 12,000, కార్డులు, హార్డ్‌డిస్క్ వగైరా 4,000. నికరంగా మిగిలేది 22,400. ఈ లెక్కన 1,80,000 లెన్స్‌కు ఎనిమిదేళ్ళు. మీకు నచ్చకపోవచ్చు, కానీ మీ ఇంటికి ఈ లెన్స్ ఖరీదు అంత.

గూడబాతు

పైన చెప్పిన డబ్బు లెక్క సరే. అసలు ఆ లెన్స్ మీకు ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు అనేది చూద్దాం.

పాలపిట్టను తీసుకోండి, పొడవు దాదాపు 30 సెం.మీ. 20 మీటర్ల దూరంలో 400 ఎంఎం దగ్గర సెన్సర్ మీద దాని బొమ్మ 6 మి.మీ. పడుతుంది. ఆర్10 సెన్సర్ ఎత్తు 14.9 మి.మీ., 4,000 పిక్సెళ్ళు. అంటే పక్షి దాదాపు 1,650 పిక్సెళ్ళు వస్తుంది. అంచులు కోసి (క్రాప్ చేసి) చూసుకోవడానికీ, ఏ4లో ప్రింట్ వేయడానికీ చాలు. 800 దగ్గర అదే పక్షి 12.5 మి.మీ. అవుతుంది. ఇప్పుడున్న 400తోనే 10 మీటర్లకు చేరితే కూడా 12.5 మి.మీ.నే. కారునే మరుగుగా వాడడం, కట్ట కింద నేలకు దగ్గరగా కూర్చుని పక్షి తనంతట తను వచ్చేదాకా ఆగడం, నీటి అంచుకు ముందే చేరుకోవడం, వీటికి ఖర్చు లేదు. గూళ్ళ దగ్గర మాత్రం ఈ పని చేయకండి. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. అక్కడ దూరం నుంచి తీయాల్సిందే, పొడవు లెన్స్ నిజంగా పనికొచ్చేది అక్కడే.

ఇక వెలుతురు. ఎఫ్ అంకె (అపర్చర్) పెరిగితే లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు తగ్గుతుంది, దానికి బదులు ఐఎస్ఓ పెంచితే ఫోటోలో గరుకుదనం పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్/8, 1/2000 సెకనుకు ఐఎస్ఓ 500 సరిపోతుంది. పొద్దున ఆరున్నరకు వెలుతురు దానికంటే మూడు స్టాప్‌లు తక్కువ (అంటే ఎనిమిదో వంతు) అనుకుంటే ఐఎస్ఓ 4000. మీ 100-400, 400 దగ్గర ఎఫ్/8. ఆ 200-800, 800 దగ్గర ఎఫ్/9. అంటే అదే పొద్దున ఐఎస్ఓ 5000కు వెళ్ళాలి. మీరు కొంటున్నది దూరాన్ని, వెలుతురును కాదు. ఎగిరే పక్షి ఫోటోల్లో గరుకుదనం మీ బాధ అయితే ఈ లెన్స్ దాన్ని కొంచెం పెంచుతుంది. లెన్స్‌కూ బాడీకీ మధ్య పెట్టి దూరం పెంచే 1.4x ఎక్స్‌టెండర్ ఆలోచన కూడా వద్దు: మీ 400 ఎఫ్/8 కాస్తా 560 ఎఫ్/11 అవుతుంది, పొద్దున ఐఎస్ఓ 8000.

ఇంకోటి, చెరువు మీద తొమ్మిది దాటాక వేడిగాలి వణుకుతుంది. 60 మీటర్ల అవతల ఉన్న బాతు కన్ను ఏ లెన్స్‌తోనూ పదునుగా రాదు. చాలామంది "లెన్స్ సాఫ్ట్‌గా ఉంది" అని సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేది ఇదే. ఐదున్నరకు బయల్దేరి ఎనిమిదిన్నరకు ముగించండి. ఇంట్లో వాళ్ళకూ ఆదివారం మిగులుతుంది, వెలుతురులోనూ మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

ఖాతాలోంచి ముందు ఖర్చు పెట్టాల్సినవి: ఒక అదనపు ఎల్‌పీ-ఈ17 బ్యాటరీ, వేగంగా రాసే మంచి యూహెచ్‌ఎస్-2 మెమరీ కార్డు ఒకటి (ఆర్10లో ఒకే స్లాట్), బ్యాకప్‌కు రెండు హార్డ్‌డిస్క్‌లు. రా (కెమెరా మార్పులేమీ చేయకుండా దాచే ఫైలు)ను కుదించిన సి-రాలో తీస్తే ఫైలు సైజు మామూలు రాలో సగానికి దగ్గర, డిస్క్ ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ షటర్‌లో సెకనుకు 23 ఫ్రేములు వస్తున్నాయని అది వాడకండి, రెక్కలు వంకరపోతాయి, డిస్క్ నిండుతుంది. మెకానికల్ 15 చాలు. ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా కట్టక్కర్లేదు. కెనాన్ వారి డీపీపీ ఉచితం, డార్క్‌టేబుల్ ఉచితం.

అమీన్‌పూర్_కట్ట

ఇద్దరికీ థాంక్స్ అండీ. ఈఎంఐ ఆలోచన మానుకున్నాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. ట్రిప్పులప్పుడు అద్దెకు తీసుకోవడం, సెకండ్ హ్యాండ్ కొనడం, ఏది మేలు? ఏప్రిల్‌లో బోనస్ 70,000 దాకా రావచ్చు, దాన్ని ఏం చేయాలి?

తెల్లకొంగ

ముందు సొంతం చేసుకుంటే ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. 1,80,000కు కొని నాలుగేళ్ళ తర్వాత లక్షకు అమ్మారనుకుందాం. తరుగు ఏడాదికి 20,000. ఆ డబ్బు 6.5 శాతం ఎఫ్‌డీలో ఉంటే వచ్చే 11,700 కూడా పోయినట్టే. మొత్తం 31,700. రోజుకు 1,500 అద్దె అనుకుంటే 21 రోజుల అద్దెతో సమానం. మీరు చెప్పిన రెండు ట్రిప్పులకు ఆరు రోజులు, పైన రెండు ఆదివారాలు కలుపుకున్నా ఎనిమిది రోజులు, 12,000. ఏడాదికి 20 రోజులకు మించి వాడేదాకా అద్దే చవక. పైగా ఆ లెన్స్ రెండు కిలోల పైమాట, దాన్ని చేత్తో పట్టుకుని తీయగలరో లేదో మొదటి అద్దెలోనే తేలిపోతుంది.

అద్దె రోజును ఎలా లెక్కేస్తారో అడగండి, 24 గంటలా, సాయంత్రానికి తిరిగి ఇవ్వాలా అని. శనివారం సాయంత్రం తీసుకుని సోమవారం పొద్దున ఇస్తే కొందరు ఒక రోజే వేస్తారు. తీసుకునేటప్పుడు ముందు గాజు, వెనక గాజు, మౌంట్ (కెమెరాకు బిగించే చోటు), హుడ్ (ముందు తొడుగు) అన్నీ వాళ్ళ ఎదురుగానే వీడియో తీయండి. గీత పడితే ఎంత కట్టాలో కాగితం మీద ఉండాలి, డిపాజిట్ తిరిగి ఎప్పుడిస్తారో కూడా. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షుల సీజన్ కాబట్టి శని, ఆదివారాలకు గిరాకీ ఎక్కువ, రెండు మూడు వారాల ముందే చెప్పిపెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ అయితే చూడాల్సినవి. ఫోన్ టార్చ్‌ను వెనక వైపు నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి, తర్వాత తిప్పి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్, పాలు విరిగినట్టు మసకగా ఉంటే హేజ్. ఒకటి రెండు దుమ్ము రేణువులతో ఇబ్బంది లేదు. ఫంగస్ ఉంటే ఎంత తగ్గించినా తీసుకోవద్దు: శుభ్రం చేయించినా కోటింగ్ మీద మచ్చ ఉండిపోవచ్చు, ఇంట్లోని మిగతా లెన్సులతో కలిపి పెట్టడమూ ప్రమాదమే. గోడకు న్యూస్‌పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద పెట్టి, ఎక్కువ జూమ్‌లో, తెరవగలిగినంత అపర్చర్‌లో తీయండి. నాలుగు మూలల్లో ఒక్క మూలే మసకగా వస్తే లెన్స్ ఎక్కడో దెబ్బ తిని లోపలి గాజు పక్కకు జరిగి ఉండొచ్చు. బిల్లు మీది సీరియల్ నంబరు, లెన్స్ మీది నంబరు ఒకటేనా చూడండి. బిల్లు లేకపోతే వారంటీ సంగతి అటుంచి, రేపు మీరు అమ్మబోయినా ధర పలకదు. బయటి దేశాల నుంచి తెచ్చినవాటికి ఇక్కడ వారంటీ చెల్లకపోవచ్చు.

చవకని సిగ్మా, టామ్రాన్ ఈఎఫ్ మౌంట్ (కెనాన్ పాత రకం బిగింపు) 150-600లు అడాప్టర్‌తో వాడదామనుకుంటే మీ ఆర్10 మీదే పెట్టి చూడండి. కదలని కొమ్మ మీద ఫోకస్ పెట్టి అర నిమిషం నిలపండి, ఫోకస్ ముందుకూ వెనక్కూ ఊగుతుంటే వదిలేయండి. లెన్స్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలంటే సిగ్మాకు డాక్, టామ్రాన్‌కు ట్యాప్-ఇన్ కన్సోల్ విడిగా కావాలి, ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

ఉప్పుగాలి

కాకినాడ, విశాఖ వైపు వాళ్ళకు ఏడాదంతా, హైదరాబాద్ వాళ్ళకు జూలై నుంచి సెప్టెంబరు దాకా వర్తించే మాట ఒకటి. ఉన్న లెన్స్‌కు బూజు పట్టకుండా చూసుకోవడం ఈ బడ్జెట్‌లో అన్నిటికంటే చవకైన పని. డ్రై క్యాబినెట్ (తేమను అదుపులో ఉంచే బీరువా) ఇప్పుడే కొననక్కర్లేదు. మూతకు రబ్బరు అంచు ఉన్న 20-25 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్, 300 గ్రాముల సిలికా జెల్ చాలు. తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే ఫంగస్‌కు అనుకూలం, 30 కంటే దిగితే రబ్బరుకూ లోపలి గ్రీజుకూ మంచిది కాదు. తోలు కేసులు డబ్బాలో పెట్టకండి, బూజు మొదలయ్యేది వాటి మీదే.

సిలికా జెల్ ఆరెంజ్ రంగుది కొనండి, తడి పీలిస్తే ఆకుపచ్చగా మారుతుంది. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఆరబెట్టేటప్పుడు సన్న సెగ మీద కలుపుతూ ఉంటే మళ్ళీ ఆరెంజ్‌కు వస్తుంది. ఆ బాణలి వంటకు వాడకూడదు, దానికంటూ పాతది ఒకటి పక్కన పెట్టండి.

చవక హైగ్రోమీటర్లు ఐదు పది శాతం తప్పు చూపిస్తాయి. సీసా మూతలో వంట ఉప్పు పోసి ముద్దగా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్ళు వేసి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దునకు 75 చూపించాలి. 82 చూపిస్తే ఆ ఏడు తేడాను మూత మీద రాసుకుని ఎప్పుడూ తీసేసి చదవండి.

పద్దు_పుస్తకం

బోనస్ గురించి: ఖాతాలో పడేదాకా లెక్కలోకి తీసుకోవద్దు. పడ్డాక ముందు జూన్ ఫీజుకు నెలనెలా పక్కన పెట్టిన 15,000లు నిజంగా ఉన్నాయో లేదో చూసుకుని, లోటుంటే దాన్ని పూడ్చండి. మిగిలిందంతా 70,000 అయితే 40,000 ఎమర్జెన్సీకి, 30,000 ఫోటోగ్రఫీ ఖాతాకు.

అద్దె 12,000 పోగా ఫోటోగ్రఫీ ఖాతాలో ఏడాదికి 10,400 మిగులుతుంది, బోనస్‌తో 40,400. రెండేళ్ళకు 80,000. ఇటు ఎమర్జెన్సీకి ఇప్పుడున్న ఎఫ్‌డీ 1,60,000 + నెలకు 6,000 చొప్పున 1,44,000 + రెండు బోనస్‌ల నుంచి 80,000, మొత్తం 3,84,000. మీ ఇంటి ఖర్చుకు నాలుగున్నర నెలలు. అప్పటికి సెకండ్ హ్యాండ్‌లో లక్షా పదిహేను వేలకు మంచిది దొరికితే తక్కువ పడేది 35,000. దాన్ని మూడో ఏడాది బోనస్ వాటా, ఆ ఏడాది ఖాతాలో చేరే డబ్బు పూడుస్తాయి. ఇంటి ఖాతా వైపు చూడాల్సిన పని ఉండదు. మధ్యలో ఏ ఏడాదైనా అద్దె 20 రోజులు దాటిందంటే ఈ లెక్క మళ్ళీ వేయండి.