గ్రావెల్ బైక్‌కి తేలిక పెడల్: మన ఇసుకకీ రేగడికీ ఎగ్‌బీటరా, ఎస్‌పీడీనా?

పెన్నాగట్టు:
అన్నలకి నమస్కారం. నాది గ్రావెల్ బైక్, అంటే మట్టి, కంకర దారుల సైకిల్. దానికి ఇప్పుడు ఉన్నది షిమానో ఎం520, జత 380 గ్రాములు. ఎస్‌పీడీ రకం: షూ అడుగున బిగించే క్లీట్ అనే లోహపు ముక్క పెడల్‌లో క్లిక్‌మని ఇరుక్కుంటది. తేలికవి తీసుకుందామని చూస్తా ఉండా. దారులు చెప్తా: వారంలో మైపాడు వైపు రొయ్యల గుంటల కట్టలు, ఆదివారం సోమశిల వైపు ఎర్ర గ్రావెల్. షూ రెండు బోల్టుల మౌంటెన్ రకం, కార్బన్ సోల్. మనసులో ఉన్నవి రెండు: క్రాంక్‌బ్రదర్స్ ఎగ్‌బీటర్ 3, జత 280 గ్రాములు. షిమానో ఎక్స్‌టీ ఎం8100, ఇదీ ఎస్‌పీడీనే, జత 342 గ్రాములు. ఏది ఎక్కువ కాలం నిలబడుద్దో కారణంతో సహా చెప్పండి.

రేగడి_రైడర్, పొదిలి:
ఎగ్‌బీటర్. ఇందులో రెండో మాట లేదు.

ఎస్‌పీడీ పెడల్‌ని పైనుంచి చూడండి. ముందొక కొక్కెం, వెనకొక స్ప్రింగు దవడ, మధ్యలో చదునైన లోహం. క్లీట్ ఆ చదును మీదకి పూర్తిగా దిగితేనే వెనక దవడ మూసుకుంటుంది. అక్టోబరులో వాయుగుండం వాన పడ్డాక పొదిలి చుట్టుపక్కల నల్లరేగడిలో పది అడుగులు వేసి చూడండి. క్లీట్ చుట్టూ ఉన్న గుంత మొత్తం మట్టితో నిండి సోల్‌కి సమంగా అయిపోతుంది. రెండు మిల్లీమీటర్ల మట్టి అడ్డం పడితే చాలు, ఎంత తొక్కినా క్లిక్ అనదు. ఆ మట్టి ఎండితే ఇటుకే, పుల్లతో గీకినా రాదు.

ఎగ్‌బీటర్‌లో మట్టి నిలవడానికి చోటే లేదు. నాలుగు రెక్కలు, మధ్యలో ఇరుసు, అంతే. తొక్కిన మట్టి రెక్కల సందుల్లోంచి అవతలికి పోతుంది. నాలుగు వైపులా ఎక్కించొచ్చు కాబట్టి పెడల్‌ని పాదంతో తిప్పుకుంటూ వెతకాల్సిన పని లేదు. పైగా మీరు అడిగిన బరువులో వస్తుంది.

కొత్తపట్నం_గాలి:
రేగడి గురించి అన్న చెప్పింది నూటికి నూరు శాతం నిజం. కానీ అడిగినాయన దారిలో రేగడి ఎక్కడుంది? మైపాడు వైపు ఉండేది సన్నటి ఇసుక, ఉప్పు గాలి. బురద ఏడాదికి కొన్ని వారాలు, ఇసుక ఏడాది పొడుగునా. అక్కడ పెడల్ చచ్చేది క్లీట్ దగ్గర కాదు, ఇరుసు దగ్గర.

ఎగ్‌బీటర్ ఇరుసు మీద బయటి చివర కార్ట్రిడ్జ్ బేరింగ్, క్రాంక్ (పెడల్ బిగించే చేయి) వైపు ప్లాస్టిక్ జాతి బుష్, అంటే గోళీలు లేని గొట్టం ఉంటాయి. బరువంతా మోసేది క్రాంక్ వైపే, ఇసుక దూరేదీ అక్కడి సీల్ సందులోంచే. బుష్ అరిగితే బిగించుకునే వీలు లేదు, కిట్ తెచ్చి మార్చాల్సిందే. కిట్ దొరుకుతుంది, మార్చడం కష్టమూ కాదు. కానీ ఊగులాట మొదలైన రోజు చేతిలో కిట్ ఉండాలి, అది ఒంగోలు దుకాణంలో అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు.

ఎక్స్‌టీలో కప్పు, కోను, విడి గోళీలు. ఊగితే కోను ఒక పిసరు బిగించుకోవచ్చు. గ్రీజు మార్చడం పదిహేను నిమిషాల పని. పెడల్ క్రాంక్ నుంచి విప్పి, ఇరుసు మొదట్లో ఉన్న కాలర్‌ని 17 ఎంఎం పానాతో తిప్పాలి. ఎం520కి అయితే పానా పట్టదు, పళ్ళున్న ప్లాస్టిక్ పనిముట్టు టీఎల్-పీడీ40 కావాలి. ఇక్కడే చాలామంది కాలర్ పాడు చేస్తారు: కుడి పెడల్ కాలర్ మర ఎడమ చేతి వాటం, ఎడమ పెడల్‌ది మామూలు వాటం. క్రాంక్ మరకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. కాలర్ మీద బిగించే దిక్కుకి బాణం గుర్తు ఉంటుంది, దాన్ని చూసి ఎదురు తిప్పండి.

ఇరుసు గోళీలతో సహా ఒకే ముక్కగా బయటికి వస్తుంది. దాన్ని విడదీయనక్కర్లేదు, పాత గ్రీజు తుడవండి. ఖాళీ పెడల్ గూట్లో అడుగున మూడో వంతు దాకా కొత్త గ్రీజు పెట్టి ఇరుసుని మళ్ళీ మరలోకి ఎక్కించండి. లోపలికి దిగే కొద్దీ అదే పిచికారీలా గ్రీజుని గోళీల గుండా నెట్టి పాతదాన్ని సీల్ దగ్గర బయటికి తోస్తుంది. నల్లగా వచ్చేది ఆగి శుభ్రమైన గ్రీజు కనపడితే చాలు. సముద్రం పక్కన తొక్కేవాళ్ళు నీటికి కొట్టుకుపోని కాల్షియం సల్ఫొనేట్ గ్రీజు వాడటం మేలు.

రేగడి_రైడర్, పొదిలి:
గ్రీజు పద్ధతి బాగా చెప్పారు, అది ఒప్పుకుంటా. కానీ గ్రావెల్ బైక్ కొనేది ఒక్క మైపాడు కట్ట మీద తిరగడానికి కాదు. కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ తిరగాలి. బురదలో క్లిప్ పడని పెడల్‌కి ఎన్నేళ్ళు బేరింగ్ నిలిచినా ఏం లాభం?

మార్కాపురం_పలక:
బరువు సంగతి ఎవరూ లెక్క కట్టలేదు, కడదాం.

మనిషి, బైక్, నీళ్ళు కలిపి 85 కిలోలు అనుకోండి. 380 నుంచి 280కి దిగితే తగ్గేది 100 గ్రాములు, అంటే మొత్తంలో 0.12 శాతం. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో గంటసేపు ఎక్కే ఎక్కుడుకి కలిసొచ్చేది నాలుగు సెకన్లు. ఎక్స్‌టీతో తగ్గేది 38 గ్రాములు, సెకనున్నర. ‘తిరిగే బరువు కదా, ఎక్కువ తేడా ఉంటుంది’ అనే మాట పెడల్ విషయంలో నిలవదు. చక్రం అంచు బండి వేగంతో తిరుగుతుంది. పెడల్ నిమిషానికి 90 తిప్పినా సెకనుకి 1.7 మీటర్లు మించదు.

బరువే తగ్గించాలంటే చక్రం దగ్గర మొదలుపెట్టండి. 40 ఎంఎం టైరుకి బ్యూటైల్ ట్యూబు ఒక్కోటి దాదాపు 200 గ్రాములు. ట్యూబ్‌లెస్ చేసి చక్రానికి 60 నుంచి 90 మిల్లీలీటర్ల సీలెంట్ (పంక్చర్ పూడ్చే ద్రవం) పోసినా రెండు చక్రాల మీద పెడల్ మార్చినదాని కంటే ఎక్కువే మిగులుతుంది. మన సర్కారు తుమ్మ ముళ్ళకీ పల్లేరు కాయలకీ అదే మందు.

టైటానియం ఇరుసు పెడళ్ళ గురించి ఒక్క మాట. వాటిలో కొన్నిటికి తొక్కేవాళ్ళ బరువు మీద పరిమితి ఉంటుంది. కొనే ముందు పెట్టె మీద చదవండి.

ఉదయగిరి_దారి:
ఇద్దరూ మూడో దారి వదిలేశారు. టైమ్ అటాక్ ఎక్స్‌సీ 6, జత 290 గ్రాముల దగ్గర. రెండు కమ్మీల స్ప్రింగు, మధ్యలో ఖాళీ, బురద ఎగ్‌బీటర్‌లాగే బయటికి పోతుంది. ఎగ్‌బీటర్‌కి లేనిది, దీనికి ఉన్నది పాదం ఆనడానికి కాస్త వెడల్పు. కాలు వదిలే కోణం క్లీట్లని కుడి ఎడమ మార్చి బిగిస్తే 13 డిగ్రీల నుంచి 17కి మారుద్ది. ఎగ్‌బీటర్ క్లీట్లలోనూ ఇదే ఏర్పాటు, 15, 20.

లోటు చెప్పకుండా ఉండకూడదు. రెండిటి క్లీట్లూ ఇత్తడివి. షిమానో ఉక్కు క్లీట్ కంటే తొందరగా అరుగుతాయి, కంకర మీద నడిస్తే మరీ. షిమానో క్లీట్లు ఇక్కడ లేకపోయినా చెన్నై నుంచి రెండు రోజుల్లో తెప్పించుకోవచ్చు. టైమ్ క్లీట్లకి అలా కుదరదు, పెడల్‌తో పాటే ఒక జత అదనంగా కొని పెట్టుకోవాలి.

కొత్తపట్నం_గాలి:
అడిగినాయనది కార్బన్ సోల్. ఎగ్‌బీటర్ అయినా టైమ్ అయినా ఇది చూసుకోవాలి. ఎగ్‌బీటర్ రెక్కలు క్లీట్‌కి అటూ ఇటూ సోల్ మీద ఆనతాయి, కొన్ని నెలల్లో కార్బన్ మీద గాడి పడుతుంది. క్లీట్ కింద షూ షీల్డ్ అనే పల్చటి స్టీలు రేకు పెట్టి బిగించాలి. దాని మందం వల్ల క్లీట్ కాస్త పైకొస్తుంది, అప్పుడు సోల్ గుబ్బలకీ పెడల్‌కీ మధ్య సందు మారుతుంది. సందు ఎక్కువైతే పాదం ఊగుతుంది, తక్కువైతే గుబ్బ అడ్డం తగిలి క్లిప్ సగమే పడుతుంది.

ఇంకోటి, పొదిలి అన్నకి. ఎస్‌పీడీ బురదలో పడదు అనే ఫిర్యాదులో సగం తప్పు పెడల్‌ది కాదు, షూది. గుబ్బలు పొట్టిగా ఉండి క్లీట్ గుంత ఇరుకుగా ఉన్న షూతో అయితే ఏ పెడలైనా మొరాయిస్తుంది. గుబ్బలు ఎత్తుగా, గుంత ముందూ వెనకా తెరిచి ఉన్న షూ అయితే మట్టి పక్కలకి జారుతుంది.

రేగడి_రైడర్, పొదిలి:
షూ మాట నిజమే. అయినా వానాకాలం రేగడిలో నా ఓటు ఎగ్‌బీటర్‌కే. మైపాడు ఇసుక ఒక్కటే అయితే ఎక్స్‌టీ వద్దనను.

పెన్నాగట్టు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. ఇంకో సందేహం. ఈఎస్600 అని ఒకటి ఉండాది, ఎస్‌పీడీనే, జత 279 గ్రాములు. ఉన్న క్లీట్లే సరిపోతాయి గదా, అది తీసుకుంటే?

మార్కాపురం_పలక:
అది ఒకవైపే క్లిప్ పడే పెడల్. తారు రోడ్డు మీద సమస్య లేదు. ఇసుకలో బండి ఆగి మళ్ళీ కదిలేటప్పుడు మొదటి అర తిప్పులోనే కాలు పడాలి, లేకపోతే చక్రం కూరుకుపోతుంది. ఆ క్షణంలో పెడల్ ఏ వైపు తిరిగి ఉందో చూసే తీరిక ఉండదు. రెండు వైపులా పడేదే తీసుకోండి.

కొత్తపట్నం_గాలి:
నా సలహా అయితే ఈ ఏడాది ఎం520తోనే తొక్కండి. ఎం520 కొక్కెం, ఎక్స్‌టీ కొక్కెం పని చేసే తీరు ఒకటే. కొత్తది కొనే ముందు ఈ మూడూ చూడండి.

ఒకటి, ఊగులాట. క్రాంక్‌ని ఒక చేత్తో పట్టుకుని పెడల్‌ని పైకీ కిందకీ అటూ ఇటూ కదిపితే టక్‌మనకూడదు. వేలితో తిప్పితే గ్రీజు బరువుతో నెమ్మదిగా తిరిగి ఆగాలి. గరగర వినపడితే లోపల ఇసుక చేరింది. గాలిపంకాలా తిరుగుతా ఉంటే గ్రీజు లేదు.

రెండు, స్ప్రింగు బిగువు. రెండు పెడళ్ళకీ రెండేసి వైపులు, మొత్తం నాలుగు మరలు. 3 ఎంఎం అలెన్ కీతో నాలుగింటినీ పూర్తిగా వదులు చేసి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెట్టుకుంటా సమానంగా బిగించండి. ఒక వైపు వదులుగా ఒక వైపు బిగువుగా ఉంటే కాలు ఎప్పుడు ఊడుతుందో అంచనా అందదు.

మూడోది ప్రాణం మీదకి వచ్చేది. క్లీట్ బోల్టులు. రెండిట్లో ఒకటి ఊడిపోతే మడమ తిప్పినప్పుడు క్లీట్ పెడల్‌లోనే ఉండిపోయి షూ మాత్రం దాని మీద తిరుగుతుంది. కాలు బయటికి రాదు, బండితో పాటు పక్కకి పడతారు. అలా ఇరుక్కుంటే లాగకండి, షూ బిగించే డయల్ వదులు చేసి పాదాన్ని షూలోంచి తీసెయ్యండి. ఇలా రాకుండా బోల్టు మరకి గ్రీజు రాసి 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి. కొత్త క్లీట్ అయితే మొదటి రెండు రైడ్ల తర్వాత మళ్ళీ బిగించాలి, ఎందుకంటే పళ్ళు సోల్‌లోకి దిగి వదులవుతాయి.

ఉదయగిరి_దారి:
దానికి తోడు ఇది. బోల్టు తలలో 4 ఎంఎం అలెన్ కీ పట్టే గుంత ఉంటుంది గదా, అందులో ఇసుక నిండి, పైన ఉప్పు పట్టి రాయైపోతుంది. కీ లోపలికి దిగక పైపైనే తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి, తర్వాత డ్రిల్లు వేసి తీయాల్సిందే. బిగించిన రోజే ఆ గుంతలో కొవ్వొత్తి మైనం ఒక బొట్టు కరిగించి వదలండి. విప్పాల్సినప్పుడు సూదితో గుచ్చితే మైనం ముక్కగా ఊడొస్తుంది, కీ అడుగుదాకా దిగుద్ది.

పెన్నాగట్టు:
ఇప్పుడే చూశా. ఎడమ పెడల్ గరగరమంటా ఉండాది. కుడి క్లీట్‌కి ముందు బోల్టు వేలితోనే కదులుతా ఉంది. ముందు టీఎల్-పీడీ40, గ్రీజు డబ్బా, ఎస్‌హెచ్51 క్లీట్లు ఒక జత తెప్పిస్తా. సంక్రాంతి దాకా ఎం520నే. మైపాడు నుంచి వచ్చిన రోజు కడగడం ఎట్టా? సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ వాటర్ కొట్టిస్తే పోద్దా?

కొత్తపట్నం_గాలి:
వద్దు, తమ్ముడూ. ఆ నీటి దెబ్బకి సీల్ దాటి ఇసుకా నీళ్ళూ రెండూ లోపలికి పోతాయి. చెంబుతో మంచినీళ్ళు పోసి పాత టూత్‌బ్రష్‌తో స్ప్రింగు సందులు రుద్దు, గుడ్డతో తుడిచి ఆరనియ్యి. తర్వాత స్ప్రింగు మడతల మీద మైనం రకం డ్రై ల్యూబ్ ఒక్కో చుక్క. ఆయిల్ వెయ్యకు, రేపటి ఇసుకంతా దానికే అంటుకుంటుంది. అదే రోజు కడగాలి, ఉప్పుని రాత్రంతా ఉంచకూడదు.