లంబసింగిని 1/70 చట్టమే వెనక్కి లాగుతోందా?

మైదానం మనిషి:
డిసెంబరు ఆఖర్లో పిల్లల్ని తీసుకుని లంబసింగి వెళ్లొచ్చాం. చూడనివాళ్ల కోసం చెబుతున్నా. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే వస్తుంది. ఎత్తు దాదాపు 1,000 మీటర్లు. చలికాలంలో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. అక్కడివాళ్ల నోట దాని పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట ఉన్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడట. ‘ఆంధ్రా కశ్మీరు’ అన్నది కిందివాళ్లం పెట్టుకున్న ముద్దుపేరు.

ముద్దుపేరు సరే, అక్కడ ఏముంది? అర్ధరాత్రి బయల్దేరి, చెరువులవేనం కొండెక్కి, పాలు పొంగినట్టున్న మేఘాలు చూసి, ఎండ రాగానే దిగిపోవడం. మా ఆవిడకి బాత్రూం కావాల్సి వస్తే అరగంట వెతికాం. టెంటులో దుప్పట్లు చెమ్మగిల్లి ఉన్నాయి, అద్దె మాత్రం మంచి హోటల్ గదికి తగ్గలేదు. ఊటీ చూడండి, కొడైకెనాల్ చూడండి. మనకీ కొండ ఉంది, చలి ఉంది, ఎగబడే జనం ఉన్నారు. పెట్టుబడి లేదు. ఎందుకు లేదో అందరికీ తెలుసు: 1/70. గిరిజనేతరుడు అక్కడ సెంటు భూమి కొనలేడు, లీజుకీ తీసుకోలేడు. పర్యాటకం వరకైనా సడలిస్తే ఆ ఊరికే మేలు కదా? చట్టం వచ్చి యాభై ఏళ్లు దాటింది. తిట్టకుండా చెప్పండి.

కొర్రబయలు కుర్రోడు:
తిట్టన్లే అన్నా. మీరు పడుకున్న టెంటు ఎవరిదో అడిగారా?

మాది అక్కడికి దగ్గర్లోనే చిన్న ఊరు. రోడ్డు పక్కన చాలా టెంట్లకి బోర్డు మీద మావాడి పేరుంటుంది, ఫోను ఎత్తేది కిందోడు. పొలం ఉన్నోడికి సీజనుకి ఇంత అని చేతిలో పెడతారు. వాడే పొద్దున్నే చలిమంటకి కట్టెలు మోస్తాడు, వాళ్లావిడ గిన్నెలు తోముతాది. మిగతా డబ్బు మీ కార్ల వెనకే ఘాట్ దిగిపోద్ది. చట్టం ఉండగానే ఇదీ సంగతి. తీసేస్తే బోర్డు మీద ఆ పేరు కూడా ఉండదు.

మైదానం మనిషి:
తమ్ముడూ, నువ్వు చెప్పింది బినామీ వ్యవహారం. అది చట్టం ఉండబట్టే కదా పుట్టింది? తలుపు మూసేస్తే కిటికీలోంచి దూరతారు. బాహాటంగా లీజు రాసుకుంటే మీవాడికి కాగితం ఉంటుంది, కోర్టుకి వెళ్లొచ్చు.

ఫైళ్ల గుమాస్తా:
‘మైదానం మనిషి’ గారూ, చట్టం పుట్టుక ఒకసారి చూడండి. 1959లో వచ్చిన 1వ రెగ్యులేషన్‌లో మీరంటున్న కిటికీ ఉండేది. అనుమతి తీసుకుంటే గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ చేయొచ్చు. అనుమతులెలా వచ్చేవో, అప్పుల కింద భూములెలా పోయేవో ఏజెన్సీలో ముసలివాళ్లని అడగండి. అందుకే 1970లో మళ్లీ 1వ రెగ్యులేషన్ తెచ్చి ఆ కిటికీ మూశారు. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది అందుకే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా అప్పుడే ఆగింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. దీన్ని సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసు తీర్పులో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా తన భూమిని అక్కడ గిరిజనేతర కంపెనీలకి లీజుకివ్వకూడదంది.

అంటే మీరడిగే సడలింపు చిన్న సవరణ కాదు. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం పేరు చెప్పి ఇదే మాట బయటికొస్తే ఏజెన్సీ అంతా బంద్ పాటించింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రే చెప్పాల్సి వచ్చింది.

ఇక ఊటీ. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ అక్కడి గిరిజనులైన తోడాల దగ్గర భూమిని ఎకరా రూపాయికి కొన్నాడని చెబుతారు. ఆ పోలిక తెచ్చేటప్పుడు తోడాలు ఇప్పుడు ఆ ఊళ్లో ఎక్కడున్నారో కూడా చూడండి.

విశాఖ ట్రావెల్స్ డ్రైవరు:
చట్టాలు నాకు తెలీవు గురూ. పదేళ్లుగా బళ్లు తోలుతున్నా. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాలు ఘాట్‌లో బండి కదలదు. ఫిబ్రవరి తర్వాత కుక్క కూడా ఉండదు. మూడు నెలల గిరాకీకి కోట్లు పోసి హోటల్ కట్టినోడు మిగతా తొమ్మిది నెలలు ఏం చేస్తాడు? ముందు మరుగుదొడ్లు కట్టండి, చెత్త ఎత్తండి. తాజంగి రిజర్వాయరు గట్టు మీద ప్లాస్టిక్ గ్లాసులు చూస్తే సిగ్గేస్తది. పోసింది నా బండి పాసింజర్లే, ఒప్పుకుంటున్నా.

అరబికా:
మీరందరూ మంచు చుట్టూనే తిరుగుతున్నారు. ఆ కొండ మీద ఏడాది పొడుగునా డబ్బు వచ్చే దారి మంచు కింద ఉంది, కాఫీ. మాకు చింతపల్లి దగ్గర రెండెకరాల తోట. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదకే మిరియాల తీగలు. మొక్క పెట్టాక కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి, అందుకే పోడు చేసుకునేవాళ్లు మొదట్లో నమ్మలేదు. ఇప్పుడు నమ్మకం ఉంది, పని చేసే మెషీన్లే లేవు. పండు కోసిన రోజే పైతొక్క తీసేయాలి. లేకపోతే పులిసి వాసనొస్తుంది, రుచి పాడవుతుంది. పల్పర్ దగ్గర్లో లేని రైతు ఏం చేస్తాడు? పండునే ఎండబెట్టి ‘చెర్రీ’గా అమ్మేస్తాడు. పల్పర్ ఉన్నవాడు తొక్క తీసి, కడిగి, ఆరబెట్టి ‘పార్చ్‌మెంట్’గా అమ్ముతాడు. తోట అదే, మొక్క అదే, రేటు మాత్రం వేరు. డిసెంబరు మంచులో ఆరబెట్టడం ఎంత కష్టమో మీ టెంటు దుప్పటిని అడగండి. మాకు కావాల్సింది ఊరికో పల్పర్, సిమెంటు కళ్లాలు, పైన కప్పుకోడానికి పాలిథిన్ షెడ్లు.

2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా చింతపల్లి గింజ కూడా ఆ పేరుతోనే పోతుంది. పేరు అరకుది అయినా పర్లేదు, డబ్బు మాకొస్తే చాలు. ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ జీసీసీ కొంటుంది, ప్రైవేటు వాళ్లూ కొంటారు. ఇద్దరూ ఉన్నప్పుడే సంతలో షావుకారు తూకం దగ్గర తగ్గుతాడు. రాజ్‌మా, పసుపు సంగతీ ఇంతే, పండించేది మేము, గ్రేడింగు చేసి సంచి కట్టేది ఇంకొకరు. స్ట్రాబెర్రీ గురించి ఒక్క మాట. మీరు సెల్ఫీ దిగే ఆ తోటలకి మొక్క, మల్చింగు షీటు, డ్రిప్పు, అన్నీ కింద నుంచి రావాలి. మొదట్లో పెట్టాల్సిన డబ్బు చిన్న రైతు దగ్గర ఉండదు. అక్కడ కూడా కుర్రోడు చెప్పిన బోర్డు కథే నడుస్తోంది.

మైదానం మనిషి:
అరబికా గారూ, మీరు తెలియకుండానే నా వైపు మాట్లాడారు. పల్పర్‌కి డబ్బు, షెడ్డుకి డబ్బు, డ్రిప్పుకి డబ్బు. ఎక్కడి నుంచి? అమ్ముడుపోని భూమిని తనఖా పెట్టుకోడానికి ఏ బ్యాంకూ ముందుకు రాదు. చట్టం భూమిని కాపాడింది, ఒప్పుకుంటాను. ఆ భూమి మీద రైతుకి అప్పు పుట్టకుండా చేసింది కూడా అదే కదా?

కొర్రబయలు కుర్రోడు:
అన్నా, ఈ ఒక్కటీ కరెక్టు. నాలుగు గదుల హోంస్టే కడదామని ఒక బ్యాంకుకి ఆరుసార్లు తిరిగాను. ఐటీఐ సర్టిఫికెట్, పట్టా, ఫొటోలు అన్నీ పట్టుకెళ్లా. మేనేజరు మంచోడే, టీ ఇచ్చాడు. ‘బాబూ, నువ్వు కట్టకపోతే ఈ భూమి ఎవరికి అమ్ముకోవాలి?’ అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికి రెండు గదులయ్యాయి, మా అక్క డ్వాక్రా డబ్బుతో.

ఫైళ్ల గుమాస్తా:
జబ్బు సరిగ్గానే చెప్పారు, మందు మాత్రం తప్పు. అప్పు కోసం భూమినే హామీ పెట్టాలని ఎవరన్నారు? డ్వాక్రా సంఘాలకి బ్యాంకులు దశాబ్దాలుగా తనఖా లేకుండానే ఇస్తున్నాయి. పైగా ఆ చట్టంలోనే జనం పెద్దగా వాడని సందు ఒకటుంది. సభ్యులందరూ గిరిజనులే అయిన రిజిస్టర్డ్ సహకార సంఘానికి భూమి బదిలీ చేయొచ్చు. పదిమంది కుర్రాళ్లు సంఘం పెట్టి, దాని పేరుతో హోంస్టేలు, పల్పరు, వ్యాను పెట్టుకుంటే ఏ సవరణా అక్కర్లేదు. ప్రభుత్వం ఆ సంఘానికి పూచీ పడితే సరి. ‘పెట్టుబడి రావాలి’ అంటే కంపెనీయే దిగాలని ఎందుకనుకుంటున్నారు?

కొర్రబయలు కుర్రోడు:
సంఘం అంటే మాలో మాకు గొడవలుంటాయి సార్. బగతల ఊరు వేరు, కొండదొరల ఊరు వేరు, పెద్దల మాట వేరు. రాసినంత తేలిక కాదు. అయినా అడుగుతాను మావాళ్లని.

సంచి భుజానేసుకున్న ఏఎన్ఎం:
నేను రిటైరై మూడేళ్లయింది. ఆ మండలాల్లోనే చేశాను, అందుకే రాస్తున్నాను. మీరు లంబసింగి అంటే తారురోడ్డు మీద కనిపించేదే అనుకుంటున్నారు. రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి వస్తోందని సంతోషం. మరి ఆ రోడ్డు నుంచి లోపలికి రెండు కొండలు దాటితే ఉన్న ఊళ్ల సంగతి? నొప్పులు మొదలైన పిల్లని దుప్పటి ఉయ్యాలలో వేసి, కర్రకి కట్టి నలుగురు మగాళ్లు మోస్తుంటే, వెనకాల నేను టార్చిలైటు పట్టుకుని నడిచిన రాత్రులు లెక్కలేవు. ఒకసారి వాగు పొంగి డోలీ అవతలి గట్టునే ఆగిపోయింది. బిడ్డ అక్కడే పుట్టింది. ఆడపిల్ల, బతికింది, ఇప్పుడు పాడేరులో హాస్టల్లో చదువుతోంది.

‘అడవి భూమి, అనుమతి లేదు’ అని ప్రతిసారీ చెప్పేవారు. గుమాస్తా గారూ, అది నిజమేనా?

ఫైళ్ల గుమాస్తా:
అమ్మా, పూర్తిగా నిజం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూడండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, మంచినీళ్లు, రోడ్డు లాంటి 13 అవసరాలకి అడవి భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చేయాలి. పొడుగు రోడ్డుకి హెక్టారు సరిపోక పేచీ వస్తుంది, అది వాస్తవమే. కానీ చిన్న లింకు రోడ్లకి ‘అనుమతి లేదు’ అన్నారంటే చాలాసార్లు ఎవరూ సరిగ్గా అడగలేదనే అర్థం.

ఒక సంగతి గుర్తొచ్చింది. నూరేళ్ల కిందట గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించాడు, కొండవాళ్ల చేత వెట్టి చేయించి. ఆ కోపం అల్లూరి పితూరీలో, అంటే తిరుగుబాటులో, కలిసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. మనం కారు ఎక్కించే ఘాట్ కథ అది. కొండవాళ్లకి అప్పుడూ పడనిది రోడ్డు కాదు, వెట్టి.

మైదానం మనిషి:
సరే, ‘1/70 సడలించాలి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అప్పు పుట్టకపోవడం గురించి అన్నది మాత్రం తీసుకోను. ‘సంఘం పెట్టండి’ అని మనం ఇక్కడ కూర్చుని సులువుగా అనేస్తున్నాం, గొడవలొస్తాయని కుర్రోడు ముందే చెప్పాడు. ఏఎన్ఎం అమ్మగారు చెప్పిన ఊళ్లు నేను చూడనే లేదు. ఘాట్ ఎక్కి దిగడమే లంబసింగి అనుకున్నాను.

తమ్ముడూ, ఆ రెండు గదుల్లో ఒకటి వచ్చే జనవరికి ఖాళీ ఉంటుందా? బాత్రూం ఉందా?

కొర్రబయలు కుర్రోడు:
ఉంది అన్నా, వేడినీళ్లు కట్టెపొయ్యి మీద. జనవరి వద్దు, జనం ఎక్కువ. సెప్టెంబరులో రండి, వర్షాలుంటాయి, రేటు సగం. పొద్దున్న మంచుకి బదులు మా నాన్నతో రాజ్‌మా చేలోకి కలుపుకి తీసుకెళ్తాను.